పెళ్లిగుర్రం మీద బందరు దాకా

విజయవాడలో కింద పడ్డవాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు నా దగ్గరికి వస్తారు. నేను ఫిజియోథెరపిస్టుని. ఎముక అతుక్కున్నాక బిగుసుకుపోయిన కీళ్లను మళ్లీ కదిలించడం నా పని. ఎవరొచ్చినా ముందు ఎలా పడ్డారని అడుగుతాను. సగం మంది నిజం చెప్పరు. కోడలి మీద కోపంతో విసురుగా లేచి పడ్డావిడ బాత్రూంలో కాలు జారిందంటుంది. బైకు ముందు చక్రం గాల్లోకి లేపి వేషాలు వేసిన కుర్రాడు కుక్క అడ్డొచ్చిందంటాడు. పాపం, ఈ ఊళ్లో కుక్కల మీద పడ్డ నిందలు నేను విన్నన్ని ఇంకెవరూ విని ఉండరు.

మస్తాన్ వలీ గారు మాత్రం అడగ్గానే ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "పెళ్లి ఊరేగింపులో ఎవరో టపాకాయల సరం గుర్రం కాళ్ల దగ్గర వేశారండి. అది పక్కకి జరిగింది. నేను వెళ్లి డ్రైన్లో పడ్డాను. గుర్రం తప్పేం లేదండి." ఆయనకి యాభై దాటాయి. పెళ్లికొడుకుల్ని ఊరేగించే తెల్ల గుర్రం ఒకటి ఉంది ఆయనకి. ఆడ గుర్రం, పేరు బేబీ. విరిగిన కుడి భుజం అతుక్కుంది కానీ చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవటం లేదు. ఆ చేతికి వ్యాయామం చేయిస్తున్నంతసేపూ బేబీ కబుర్లే చెప్పేవారు. అది ఏం తింటుంది, ఎవర్ని చూస్తే అలుగుతుంది, ఏ పాటకి కాళ్లు ఎలా ఆడిస్తుంది, అన్నీ. ఏ సంగతైనా సగం విని వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక స్కూటరేసుకుని కంకిపాడు శివార్లలో ఆయన షెడ్డుకి వెళ్లి బేబీని చూశాను. పై ఆదివారం ఎక్కుతానన్నాను.

అప్పుడే అసలు సంగతి తెలిసింది. ఈ భుజంతో ఊరేగింపుల్లో గుర్రాన్ని పట్టుకోవడం ఆయన వల్ల కాదు. ఆటోనగర్‌లో బావమరిదికి బండ్ల సీట్లు కుట్టే షాపుంది, అందులో కూర్చుంటారు. మరి బేబీ? బందరు అవతల బీచ్‌లో జోజిబాబు గారని ఒకాయన టూరిస్టుల్ని గుర్రాల మీద తిప్పుతుంటారు. ఆయన తీసుకుంటానన్నారు, కానీ ఒక షరతు మీద. "నువ్వు పట్టుకుంటేనే నడిచే గుర్రం నాకెందుకు వలీ? నా దగ్గరికొచ్చేది కొత్తవాళ్లు. కొత్త మనిషిని ఎక్కించుకుని, తాడు పట్టకుండా కంకిపాడు నుంచి ఇక్కడికి తీసుకురా. అప్పుడు చూద్దాం." ఆయన కాదంటే ఇక బ్రోకరే. బ్రోకరు చేతికెళ్లిన గుర్రం ఏ ఊళ్లో తేలుతుందో, దానికి వేళకి ఉలవలు పెడతారో లేదో ఎవరికీ తెలీదు. ఈ మాట చెబుతూ వలీ గారు భుజం నొప్పి ఉన్నదానికంటే ఎక్కువగా నటించారు. ఏడుపు దాచుకోవడానికి నా దగ్గర చాలామంది అలా చేస్తారు.

ఆ కొత్త మనిషిని నేనే అవుతానన్నాను. ఇంటికెళ్లి చెబితే మా ఆయన టీ కప్పు కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"గుర్రాన్ని అడిగావా?" అన్నారు.

కంకిపాడు

మొదటిసారి పడింది గుర్రం అడుగు కూడా వెయ్యకముందు. జీను వేసి పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే బేబీ గట్టిగా గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. పట్టీ బిగిసిందని మనం అనుకుంటాం. రికాబులో కాలు పెట్టి లేచేసరికి తీరిగ్గా గాలి వదిలేస్తుంది. జీను నాతో సహా పక్కకి తిరిగింది. మా ఆయన ఫోటో అనగానే పొట్ట లోపలికి లాక్కుంటారు. బేబీది సరిగ్గా దానికి తిరగేసిన తెలివి. "చెప్పడం మర్చిపోయానండి, నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించాలి" అన్నారు వలీ గారు, నన్ను లేపుతూ.

పడటం గురించి నాకు ఎప్పటినుంచో ఉన్న కుతూహలం ఆ పూట కొంత తీరింది. రెప్పపాటులో అయిపోతుందని అందరూ అంటారు. నాకైతే చాలా టైము దొరికింది. షెడ్డు రేకులు కనపడ్డాయి, ఒక రేకుకి చిల్లు ఉందని గమనించాను, రోజూ పేషెంట్లకి చెప్పే మాట కూడా గుర్తొచ్చింది: పడేటప్పుడు చెయ్యి ఆనించకూడదు, భుజం ముడుచుకుని దొర్లాలి. అలాగే దొర్లాను. పేడలోకి దొర్లాను.

తర్వాత కూడా పడ్డాను. మలుపులో గుర్రం ఒకవైపు, నేను ఒకవైపు వెళ్లాం. చిన్న పరుగు నేర్పిస్తుంటే అది ఆగింది, నేను ఆగలేదు. చదువుకునేటప్పుడు బొమ్మల్లో చూసి పేర్లు బట్టీపట్టిన తొడ కండరాలన్నీ ఒక్కొక్కటే వచ్చి పరిచయం చేసుకున్నాయి. క్లినిక్‌లో నేను కుంటుతుంటే పేషెంట్లు ధైర్యం చెప్పేవారు. పడ్డ ప్రతిసారీ వలీ గారు ముందు నా వైపు, తర్వాత బేబీ వైపు చూసేవారు. ఆయన లెక్కలో పడింది నేనైనా, మార్కులు పోయేది దానికి.

కోతలు అయిపోయే రోజులు చూసి బయల్దేరాం. నేను బేబీ మీద, వలీ గారు వెనక టీవీఎస్ మోపెడ్ మీద. మోపెడ్ ముందు ఉలవల సంచీ, వెనక పచ్చగడ్డి మోపు, పక్కన బకెట్టు. ఆయనే ఒక చిన్న సంసారంలా ఉన్నారు.

కాలవ గట్టు మీద

పెద్ద రోడ్డు మీద లారీలు. అందుకని వీలైనంత దూరం బందరు కాలవ గట్టు పట్టుకుని వెళ్లాం. ఈ దారిలో నేను కార్లో, బస్సులో ఎన్నిసార్లు తిరిగానో. గుర్రం మీద కూర్చుంటే ఇళ్ల ప్రహరీల లోపల ఏముందో కనపడుతుంది. ఎవరింట్లో గుమ్మడి పాదు పైకి పాకింది, ఎవరు వసారాలో పాత మంచం పెట్టారు, ఎవరు పెరట్లో కూర్చుని ఫోన్లో ఎవరి మీదో చాడీలు చెబుతున్నారు, అన్నీ చూసుకుంటూ వెళ్లాను. సిగ్గేమీ అనిపించలేదు.

కాసేపటికి బేబీ ఒక ఇంటి ముందు ఆగింది. గుమ్మంలో ఒకావిడ స్టీలు పళ్లెంలో బియ్యం ఏరుకుంటోంది. మడమలతో అదిమాను. కళ్లెం కదిపాను. బతిమాలాను. అది ఆవిడ వైపే చూస్తూ నిలబడింది. ఆవిడ పళ్లెం పట్టుకునే లేచొచ్చి నా వెనక, నా ముందు వెతికింది.

"పెళ్లికొడుకేడండీ?"

"లేడండీ. నేనే."

"అయ్యో, అదేంటండీ!" అంది. ఏమర్థం చేసుకుందో నాకిప్పటికీ తెలీదు.

వలీ గారు వచ్చి విడమరిచారు. పెళ్లికొడుకు విడిది నుంచి బయల్దేరితే దారిలో ఆడవాళ్లు పళ్లేలతో ఎదురొస్తారు. హారతి ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఎర్రనీళ్లతో దిష్టి తీసేవాళ్లు తీస్తారు. పెళ్లికొడుక్కి పానకం, గుర్రానికి బెల్లం ముక్క. ఇన్నేళ్లలో బేబీ నేర్చుకున్న పాఠం అది. చేతిలో పళ్లెంతో ఆడమనిషి కనపడితే ఆగాలి, బెల్లం వచ్చేదాకా నిలబడాలి. ఆవిడ అంతా విని, "ఆశపడి ఆగినదాన్ని ఊరికే పంపుతామా" అని లోపలికెళ్లి బెల్లం తెచ్చింది. బేబీ తినేసింది. అయినా కదల్లేదు. వలీ గారు మోపెడ్ ఎక్కి స్టార్ట్ చేశాక కదిలింది.

ఇక ఆ రోజంతా అదే తంతు. గట్టు పొడవునా ఎంతమంది ఆడవాళ్లు ఎన్ని పళ్లేలు పట్టుకుని కూర్చుంటారో గుర్రం ఎక్కితే తప్ప తెలీదు. చిక్కుళ్లు ఒలిచేవాళ్లు, పిల్లలకి అన్నం కలిపేవాళ్లు, ఎండుచేపలు ఎండకి తిరగేసేవాళ్లు. ప్రతి చోటా ఆగాం, ప్రతి చోటా పెళ్లికొడుకేడని అడిగారు. ఒక పెద్దావిడ అయితే ఏ ప్రశ్నా లేకుండా చకచకా కర్పూరం వెలిగించి నాకు హారతి ఇచ్చేసింది. మేము క్రైస్తవులమండీ అనబోయి మానుకున్నాను. ఆవిడ ముఖంలో సంతోషం చూస్తే అది నా మతంతో పనిలేని సంతోషమనిపించింది. విజయవాడలో మా అపార్టుమెంట్లో ఎదురింటివాళ్ల పేర్లు నాకు తెలీవు. ఇక్కడ సాయంత్రానికి పదిమందికి నా బీపీ సంగతి కూడా తెలిసింది.

ఉయ్యూరు దగ్గర రోడ్డెక్కక తప్పలేదు. అక్కడ రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి, అంచుకి రాళ్లు పేర్చారు. కార్లో వెళ్లేటప్పుడు దీని మీద మేమందరం విసుక్కుంటాం. బేబీ విసుక్కోలేదు, తల వంచి మేయడం మొదలుపెట్టింది. "ఏవమ్మోయ్, నేనేమన్నా నీ పెళ్లికి విందు పెట్టానా?" అంటూ ఒక రైతు పార ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను కంగారుగా కళ్లెం లాగాను, అది తల విదిలించింది, నేను దాని మెడ మీదుగా జారి ధాన్యంలో కూర్చున్నాను. మెత్తగానే ఉంది. రైతు కోపం మర్చిపోయి, దెబ్బ తగిలిందా అని అడిగి, నా బట్టలకి అంటిన గింజలు రాలేదాకా దులుపుకోమన్నాడు. పోగొట్టుకోవడం ఇష్టం లేదు ఆయనకి. తర్వాత తనే టీ ఇప్పించాడు. పది రూపాయల టీ అంత వేడిగా నేను విజయవాడలో ఎన్నడూ తాగలేదు.

పామర్రు

పామర్రు దగ్గర నాకు తెలిసిన ఒక పాస్టరు గారి ఆవరణలో ఆ రాత్రికి ఆగుదామనుకున్నాం. మా సంఘాల్లో పాస్టరు గారిని అయ్యగారని, ఆయన భార్యని అమ్మగారని అంటాం. అమ్మగారు గేటు తీసి మమ్మల్ని చూసి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే లోపల క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైంది. మొదట గిటారు. తర్వాత డ్రమ్ములు.

డ్రమ్ము మొదటి దెబ్బకి బేబీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండో దెబ్బకి ముందు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి వెయ్యడం మొదలెట్టింది. ఊరేగింపులో పెళ్లికొడుకు స్నేహితులు ఎగురుతుంటే గుర్రం కూడా ఆడాలి, దానికి విడిగా ఒప్పందం ఉంటుందట. చూసేవాళ్లకి అందంగానే ఉంటుంది. పైన కూర్చున్నవాళ్లకి రెండు దవడలూ ఒకదానికొకటి తగులుతుంటాయి. "ఆపండి, డ్రమ్ములాపండి!" అని అరిచాను. పాడేవాళ్లు అది ప్రోత్సాహమనుకున్నారు. ఇంకో నాలుగు గెంతులకి నేను జీను మీంచి లేచి అయ్యగారి ఆవు కోసం పేర్చిన గడ్డి మోపుల మీద వెల్లకిలా పడ్డాను. బేబీ ఆడటం ఆపి, నా పక్కన నిలబడి, ఆ గడ్డే తినడం మొదలుపెట్టింది.

అమ్మగారు పప్పుచారు, వంకాయ ఎండురొయ్యల కూర వడ్డించారు. మా ఇంట్లో ఎండురొయ్యలు వేయించి పొడి చేసి వేస్తాం. ఆవిడ నానబెట్టి ముక్కతో పాటు ఉడికించారు. ఆవిడ పద్ధతే మంచిదని ఒప్పుకోక తప్పలేదు. వలీ గారు రెండోసారి అన్నం పెట్టించుకుంటుండగా జోజిబాబు గారు నాకు ఫోను చేశారు.

"ఎక్కడిదాకా వచ్చారండీ? ఏమన్నా పడేసిందా?"

వలీ గారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆయన ముఖం చూస్తూ, "అబ్బే, లేదండి. దిగబోతుంటే నా కాలే జారింది" అన్నాను.

బాత్రూంలో కాలు జారినావిడని నేను ఎంత ఎగతాళి చేశానో! పడ్డాక చెప్పే మాట మీద పక్కన ఇంకెవరి బతుకో ఆధారపడి ఉండొచ్చని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు.

బందరు దారిలో

మర్నాడు పొద్దున పామర్రు దాటాక వలీ గారి మోపెడ్‌కి పంక్చరైంది. మీరు నడుస్తూ ఉండండి, నేను వేయించుకుని కలుస్తానన్నారు. సరేనని బేబీని అదిమాను. కొంచెం దూరం వెళ్లి ఆగిపోయింది. చుట్టూ చూశాను. పళ్లెం లేదు, ఆడమనిషి లేదు, డ్రమ్ము లేదు. కోసిన పొలంలో మినుము మొలకలు, కొంగలు, నడిరోడ్డు మీద మేము. వెనకనుంచి బస్సొచ్చింది. డ్రైవరు హారను కొట్టి, కొట్టి, చివరికి తల బయటపెట్టి, "ముహూర్తం దాటిపోతుందమ్మా!" అన్నాడు. బస్సంతా నవ్వింది. పక్కనుంచి వెళ్లిపోయారు. బేబీ తోక కూడా ఊపలేదు.

చాలాసేపటికి దూరంగా మోపెడ్ చప్పుడు వినపడింది. నాకంటే ముందు దానికి వినపడింది. చెవులు రెండూ వెనక్కి తిరిగాయి. చప్పుడు దగ్గరవుతుండగా, నేనేమీ చెయ్యకుండానే, హాయిగా నడక మొదలెట్టింది.

కంకిపాడు నుంచి ఇక్కడిదాకా దాన్ని నడిపించింది నేననుకున్నాను. నా మడమలూ, నా కళ్లెమూ, నేను నేర్చుకున్న విద్యా ఏమీ కాదు. అది ఆయన మోపెడ్ వెంట నడుస్తోంది, మోపెడ్ వెనకున్నా సరే. జోజిబాబు గారు వద్దన్న తాడు ఇంకా దాని మెడకే ఉంది, కంటికి కనపడదంతే.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాను, కోపంగానే.

"తెలుసండి." ఆయన మోపెడ్ ఆపి, బేబీ వైపే చూస్తూ నిలబడ్డారు. "షెడ్డుకి రోజూ ఈ బండి మీదే కదండి వస్తాను. గడ్డి వచ్చేది దీని మీదే. చెబితే మీరు ఎక్కరని చెప్పలేదు."

తిట్టాలనుకున్నాను. కానీ ఎండ ఎక్కుతోంది, బందరు ఇంకా చాలా ఉంది, తిడితే గుర్రం నడవదు. దారిలో ఒక కొట్లో బెల్లం కొని జేబులో వేసుకున్నాను. ఆయన్ని వెనకే ఆగిపొమ్మన్నాను, ఇంజను ఆపేసి. బేబీని అదిమి, ఒక్క అడుగేస్తే వంగి బెల్లం ముక్క పెట్టాను. ఇంకో అడుగుకి ఇంకోటి. అది ఆగి వెనక్కి చూసినప్పుడల్లా నేనూ తొందరపడకుండా కూర్చున్నాను. బిగుసుకున్న భుజాన్ని కదిలించేటప్పుడు కూడా అంతే చేస్తాం. లాగితే ఇంకా బిగుసుకుంటుంది, కాస్త ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ అడగాలి. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం నడిచింది. తర్వాత ఒక మలుపు దాకా. తర్వాత ఒక ఊరు ఊరంతా దాటింది, చేతిలో పళ్లెంతో నిలబడ్డావిడ దగ్గర కూడా క్షణమే ఆగింది.

వలీ గారు ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ దూరంలో ఆగుతూ వచ్చారు. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు చివర చిన్న చుక్కలా కనపడ్డారు. చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు.

ఆ రాత్రి బందరులో హల్వా తిన్నాం. నెయ్యి చేతికి అంటి మర్నాటి దాకా పోలేదు. అంత బాగా నడిచింది కదా, సంతోషమేనా అని అడిగాను. "సంతోషమేనండి" అన్నారాయన, పొట్లంలో సగం హల్వా అలాగే వదిలేసి.

సముద్రం

మర్నాడు ఎండ తిరిగేవేళకి సముద్రం చేరాం. దారిలో చేపల గంప దింపుకుని కూర్చున్న సత్యవతి గారనే ఆవిడ ఇంట్లో కానాగంత చేపల పులుసుతో భోంచేశాం. డబ్బులిస్తే తీసుకోలేదు. గుర్రాన్ని దగ్గరగా చూడాలని అడిగింది. దాని కంట్లోకి చూస్తూ చాలాసేపు నిలబడి, "ఇంత పెద్ద ప్రాణి మన మాట ఎందుకు వింటదో" అంది. నాకూ అదే ప్రశ్న.

జోజిబాబు గారు మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతో ఎదురొచ్చారు. బేబీ పళ్లు చూశారు, లాడాలు చూశారు, కాళ్లు తడిమారు. తర్వాత వలీ గారి వైపు తిరిగి, "నువ్వు ఆ సరుగుడు తోటలోకి పో. బండి తీసుకుని పో. నేను పిలిచేదాకా చప్పుడు చెయ్యొద్దు" అన్నారు. నన్ను దూరంగా ఇసుకలో బోర్లించిన పడవ చుట్టూ తిరిగి రమ్మన్నారు.

వలీ గారు మోపెడ్ నడిపించుకుంటూ చెట్లలోకి వెళ్లిపోయారు. బేబీ సగం దూరం నడిచి ఆగింది. తోట వైపు తల తిప్పింది. నా గుండె చప్పుడు దానికి వినపడుతోందేమోనని భయమేసింది. జేబులో బెల్లం అయిపోయింది. తొందరపెట్టలేదు. కాసేపాగి మడమలతో మెల్లగా అడిగాను. అది గట్టిగా ఊపిరి వదిలి, తల ముందుకి తిప్పి నడిచింది. పడవ చుట్టూ తిరిగాం. కెరటం నురగ కాళ్లకి తగిలితే ఒకసారి ఎగిరిపడింది, అంతే. నేను కూడా పడలేదు. జోజిబాబు గారి ముందుకొచ్చి ఆపాను, ఆగింది.

గర్వంగా దిగబోయాను. కుడికాలు అవతలి నుంచి తెచ్చాను. ఎడమ కాలి బూటు రికాబులోంచి అవతలికి దూసుకుపోయి ఇరుక్కుంది. మడమ ఉన్న బూట్లు వేసుకోమని వలీ గారు చెప్పారు, నేను వాకింగ్ బూట్లే వేసుకున్నాను. వెల్లకిలా ఇసుకలో పడ్డాను, ఒక కాలు పైన గుర్రానికి వేలాడుతూ. ఇన్నేళ్లుగా ప్రపంచానికంతా చెప్పిన మాట మర్చిపోయి ఎడమ చెయ్యి ఆనించాను. మణికట్టులో కలుక్కుమంది.

ఆ క్షణంలోనే, ఇసుకలో తోలే నాలుగు చక్రాల బైకు ఒకటి పెద్ద రొదతో మా పక్కనుంచి దూసుకెళ్లింది. గుర్రం బెదిరి పరిగెడితే నన్ను ఈడ్చుకుపోతుంది, తల ఏ రాయికి తగులుతుందో. కింద నుంచి నాకు బేబీ పొట్ట, నాలుగు కాళ్లు కనపడుతున్నాయి. కాళ్లు నాలుగూ వణుకుతున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

జోజిబాబు గారు వచ్చి నా కాలు విడిపించారు. "నిజం చెప్పండి. దారిలో ఎన్నిసార్లు పడ్డారు?" అన్నారు. ఇక దాచలేదు. ధాన్యం, డ్రమ్ములు, నేను ఫోన్లో ఆడిన అబద్ధం, మోపెడ్ సంగతితో సహా అన్నీ చెప్పేశాను. వలీ గారు చెట్లలోంచి వచ్చి తల వంచుకుని నిలబడ్డారు.

"ఇన్నేళ్లలో ఎంతమందిని కిందేసింది వలీ?"

"అది వెయ్యదండి. వాళ్లే పడతారు. పెళ్లికొడుకు అంతకుముందు ఎప్పుడన్నా గుర్రమెక్కి ఉంటాడా అండి? బిగుతు ప్యాంటు, తలపాగా కళ్ల మీదికి, ముందొక పిల్లాడు. ఎక్కేటప్పుడు పడతారు, దిగేటప్పుడు పడతారు. మనిషి కిందపడితే మాత్రం ఇది కదల్దండి. నేను నేర్పింది కాదు. దానికే తెలిసింది."

అప్పుడు నాకు తట్టింది. ఆ జీను మీద నాలాంటివాళ్లు తప్ప ఇంకెవరూ ఎన్నడూ కూర్చోలేదు. జోజిబాబు గారు బేబీ మెడ తట్టారు. "పడ్డ మనిషిని వదిలేసి పరిగెత్తే గుర్రాలు నా దగ్గర రెండున్నాయి. ఆగేది ఒక్కటీ లేదు. ఉంచెయ్ వలీ" అన్నారు.

నేను ఒక చేత్తోనే చప్పట్లు కొట్టబోయాను. వలీ గారు నవ్వారు, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. జీను దింపారు. పొట్ట ఉబ్బిస్తుంది, మళ్లీ బిగించాలని చెప్పారు. ఉలవలు నానబెట్టి పెట్టమన్నారు. ఎడమ చెవి వెనక గోకితే ఊరుకుంటుందన్నారు. దాని మొహం వైపు మాత్రం చూడలేదు. జోజిబాబు గారు దాన్ని మిగతా గుర్రాల పక్కన కట్టేశాక, "వెళ్దామా అండి, మీ చేతికి కట్టు కట్టించాలి" అన్నారు.

మోపెడ్ దగ్గరికి వెళ్లాం. ఆయన స్టాండు తీశారు కానీ స్టార్ట్ చెయ్యలేదు. ఇసుకలో నెట్టడం మొదలుపెట్టారు.

"ఈ భుజంతో ఇదేం పనండీ, స్టార్ట్ చెయ్యండి" అన్నాను.

"ఇక్కడొద్దండి. చప్పుడు వింటే వచ్చేస్తాననుద్ది. తాడు తెంపుకుంటుద్ది."

ఆయన ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని నెట్టారు, నేను వెనక కుడిచెయ్యి వేసి నెట్టాను. ఇద్దరికీ కలిపి పనికొచ్చేవి రెండు చేతులు. చక్రాలు ఇసుకలో దిగబడుతున్నాయి. ఆయన ఏడుస్తున్నారు, తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి పైకి లేవటం లేదు. నేనూ ఏడ్చాను.

తారు రోడ్డెక్కాక ఆగి ఊపిరి తీసుకున్నాం. సరుగుడు తోట అడ్డమొచ్చింది, గుర్రాలు కనపడటం లేదు. గాలి సముద్రం మీంచి మా వైపే వీస్తోంది.

"ఇక స్టార్ట్ చెయ్యండి వలీ గారూ. ఇక్కడినుంచి వినపడదు" అన్నాను.

"దానికి వినపడుద్దండి" అని ఆయన మళ్లీ హ్యాండిల్ పట్టుకున్నారు. నేనూ వెనక చెయ్యి వేశాను. బందరు వైపు ఇంకా చాలా దూరం నెట్టుకుంటూనే నడిచాం.